ఆ మలుపు అతనిదే!

ముందు క్రికెట్‌తో మొదలుపెడదాం. ఈడెన్ గార్డెన్స్ పేరు వింటే హైదరాబాదీలకు ఛాతీ కాస్త పొంగుతుంది. అజారుద్దీన్ తొలి టెస్టు సెంచరీ అక్కడే. ఆ ఒక్క మైదానంలోనే మొత్తం ఐదు కొట్టాడు. తర్వాత లక్ష్మణ్ వచ్చాడు. 2001లో ఆస్ట్రేలియా మీద ఆ 281 ఎవరు మర్చిపోతారు! అతనికీ అక్కడ ఐదు సెంచరీలు. అదే లక్ష్మణ్‌కి ఇంగ్లండ్ గడ్డ మీద ఒక్క టెస్టు సెంచరీ కూడా లేదు. ఎందుకంటే... పిచ్ అంటాం, వాతావరణం అంటాం, అక్కడి జనం కేకలంటాం. ఏదో ఒకటి చెప్పుకుని సర్దుకుంటాం.

మరి తారు రోడ్డు సంగతేమిటి? రోడ్డుకి స్పిన్ ఉండదు, బౌన్స్ ఉండదు. నలభై కార్లు బయల్దేరతాయి. అందరికీ అదే రోడ్డు, అవే మలుపులు. ఈ ఏడూ అవే, వచ్చే ఏడూ అవే. అయినా కొన్నిచోట్ల ఒకే మనిషి పదిసార్లు, పదిహేనుసార్లు గెలుస్తాడు. పక్క రాష్ట్రంలో ఉన్న మరో ట్రాక్‌కి వెళితే అదే మనిషి నెగ్గలేక నానా తిప్పలూ పడతాడు. ఇదెక్కడి చోద్యం?

ఈ ప్రశ్న నాకు షార్లెట్‌లో పుట్టింది. మా మేనల్లుడు అక్కడే ఉద్యోగం. అమెరికా వెళ్లిన ప్రతి తెలుగువాడికీ నయాగరా చూపించడం ఆనవాయితీ కదా, వాడికి సెలవు దొరక్క ఊళ్లోనే ఉన్న నాస్కార్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి తీసుకెళ్లాడు. కార్లంటే నాకు పెద్ద ఆసక్తి లేదు. బజాజ్ చేతక్ మీద ముప్ఫై ఏళ్లు గడిపినవాణ్ని. ‘గుండ్రంగా తిరిగే కార్లని ఏం చూస్తాంరా’ అని గొణుక్కుంటూనే వెళ్లాను.

లోపల ఒక వంపు దారి కట్టి, దాని మీద పాతకాలం నాటి రేసు కార్లను వరసగా నిలబెట్టారు. నడుస్తూ వెళ్లేకొద్దీ కింద దారి ఒక పక్కకి ఒరుగుతూ పోతుంది. చివరికొచ్చేసరికి 33 డిగ్రీల వాలు. టాలడేగా ట్రాక్ మలుపుల్లో ఉండేదీ అంతే వాలు. ‘మావయ్యా, పట్టుకోండి’ అన్నాడు మావాడు. రెయిలింగ్ లేకపోతే మన పాకుడు మెట్ల మీద జారినట్టు జారేవాణ్నే. ఆ వాలు మీద 1987లో బిల్ ఎలియట్ అనే ఆయన గంటకు 342 కిలోమీటర్ల సగటు వేగంతో చుట్టు కొట్టాడట. గొణుగుడు ఆపేశాను.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. స్టాక్ కారు అంటే మొదట్లో షోరూములో అమ్మే మామూలు కారే. కొనుక్కుని, తలుపులు కట్టేసి, రేసులో దిగిపోయేవాళ్లు. ఇప్పుడు పైకి కనిపించే రూపం తప్ప లోపల అంతా రేసు కోసం కట్టిందే. ఈ రేసుల్ని నడిపే నాస్కార్ సంస్థ 1948లో డేటోనా బీచ్‌లో పుట్టింది. దీని వేళ్లు మాత్రం ఇంకా కిందికి, నాటుసారా బట్టీల దాకా ఉన్నాయి. నార్త్ కరొలైనా కొండల్లో సారా కాచి, రాత్రిళ్లు పోలీసుల కన్నుగప్పి పట్నాలకు చేరవేసే కుర్రాళ్లు కార్ల ఇంజన్లు మార్చి, స్ప్రింగులు బిగించి నడిపేవాళ్లు. ఆదివారం ఖాళీ దొరికితే ఎవడి బండి జోరెంతో తేల్చుకునేవాళ్లు. దూబగుంటలో సారా మనకో ఉద్యమాన్నిచ్చింది. అక్కడ రేసుల్నిచ్చింది!

సరే, అసలు విషయానికొద్దాం.

వర్జీనియాలో మార్టిన్స్‌విల్ అని ఓ చిన్న ఊరు. 1947 నుంచీ అక్కడ ట్రాక్ ఉంది. నాస్కార్ పుట్టకముందు నుంచీ అన్నమాట. చుట్టుకొలత 850 మీటర్ల లోపే. పైనుంచి చూస్తే కాగితాలకి పెట్టే పిన్నులా ఉంటుంది... రెండు పక్కలా తిన్నటి దారి, రెండు చివర్లా గుండీ తిప్పినట్టు ఇరుకు మలుపు. తిన్నగా ఉన్నచోట తారు, మలుపుల్లో కాంక్రీటు. వాలు పెద్దగా లేదు, 12 డిగ్రీలే.

ఇక్కడ రిచర్డ్ పెటీ 15 సార్లు గెలిచాడు. మొత్తం 200 విజయాలు ఆయనవి. ఆయన తర్వాతి స్థానంలో ఉన్నవాడికి 105. తేడా చూశారా! నీలం రంగు 43వ నంబరు కారు, నల్ల కళ్లద్దాలు, ఈక పెట్టిన కౌబాయ్ టోపీ. జనం ఆయన్ని ‘రాజు’ అనే పిలిచారు. నార్త్ విల్క్స్‌బరో అనే మరో చిన్న ట్రాక్‌లోనూ సరిగ్గా 15 గెలిచాడు. రెండూ చిన్నవే, రెండూ ఆయన ఇంటికి కాస్త దూరంలోనివే.

చిన్న ట్రాక్ కదా, ఏముంది అనుకుంటాం. తిరకాసు అక్కడే ఉంది. మార్టిన్స్‌విల్‌లో తిన్నటి దారి పొడవు 244 మీటర్లు. ఆ కాస్త దూరంలోనే కారు గంటకు 180, 190 కిలోమీటర్లు అందుకుంటుంది. వెంటనే బ్రేకు. మలుపు. మళ్లీ యాక్సిలరేటరు. మళ్లీ బ్రేకు. 500 చుట్ల రేసంటే వెయ్యిసార్లు బ్రేకు నొక్కాలి. ఒకటిన్నర టన్నుల బండి అది. చక్రాల్లోపల బ్రేకు పళ్లేలు కొలిమిలో ఇనుములా ఎర్రగా మెరుస్తుంటాయి. రాత్రి వేళ బయటికి స్పష్టంగా కనిపిస్తుంది.

కుర్రాడు ఏం చేస్తాడు? మలుపు దాకా ఒకే ఊపున దూసుకెళ్లి, చివర్లో కసిగా బ్రేకు తొక్కుతాడు. ఆ చుట్టుకి వాడే ముందు. ఇరవై చుట్లకీ వాడే ముందు. రెండొందలో చుట్టుకి బ్రేకులు చేతులెత్తేస్తాయి, వెనక టైర్లు అరిగిపోతాయి. తెలిసినవాడు కాస్త ముందే కాలు మోపుతాడు. మలుపు మధ్యలో బండిని దానంతటదే దొర్లనిస్తాడు. బయటికొచ్చేటప్పుడు అందరికంటే ముందు, అందరికంటే మెల్లగా యాక్సిలరేటరు మీద కాలు పెడతాడు. చూసేవాళ్లకి నెమ్మదిగా వెళ్తున్నట్టుంటుంది. మన ఘాట్ రోడ్డు ఆర్టీసీ డ్రైవర్లని అడగండి, ఈ ముక్క ఇంకా బాగా చెబుతారు.

మన నారాయణ్ కార్తికేయన్ గుర్తున్నాడు కదా. 2005లో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన తొలి భారతీయుడు. 2010లో అమెరికా వెళ్లి నాస్కార్‌లో ట్రక్కుల సిరీస్ నడిపాడు. అతని మొదటి రేసు ఈ మార్టిన్స్‌విల్‌లోనే. 13వ స్థానంలో ముగించాడు. ఈత రానివాణ్ని తీసుకెళ్లి ఏకంగా గోదారి సుడిలో దింపినట్టు! మునగలేదు, అదే గొప్ప.

ఇక్కడ గెలిచినవాడికి కప్పు ఇవ్వరు. మనిషెత్తు లోలకం గడియారం ఇస్తారు. 1964 నుంచీ ఇదే పద్ధతి. జెఫ్ గార్డన్ తొమ్మిది గడియారాలు ఇంటికి పట్టుకెళ్లాడు. జిమ్మీ జాన్సన్ మరో తొమ్మిది. ఇద్దరూ హెండ్రిక్ టీమువాళ్లే. ఈ టీముకీ మార్టిన్స్‌విల్‌కీ ఉన్న సంబంధం మాత్రం గడియారాలతో తేలేది కాదు. 1984లో రిక్ హెండ్రిక్ అనే కార్ల వ్యాపారి టీము పెట్టాడు. కొద్ది నెలల్లోనే డబ్బు అయిపోవచ్చింది. ఇంక మూసేద్దాం అనుకుంటుండగా మార్టిన్స్‌విల్‌లో వాళ్ల డ్రైవర్ జెఫ్ బోడైన్ గెలిచాడు. టీము నిలబడింది.

ఇరవై ఏళ్ల తర్వాత, 2004 అక్టోబరు 24. అదే మార్టిన్స్‌విల్ రేసుకి వస్తున్న హెండ్రిక్ టీము విమానం పొగమంచులో కొండని ఢీకొంది. పదిమంది పోయారు. హెండ్రిక్ కొడుకు, తమ్ముడు, తమ్ముడి కవల కూతుళ్లు, ఇంజన్లు కట్టే పెద్ద మేస్త్రి... అందరూ. రేసు జరుగుతూనే ఉంది. డ్రైవర్లకి చెప్పలేదు. గెలిచింది ఎవరనుకున్నారు? హెండ్రిక్ డ్రైవరే, జిమ్మీ జాన్సన్. కారు దిగాక చెప్పారు. ఆ రోజు విజయోత్సవం లేదు. జాన్సన్‌కి మార్టిన్స్‌విల్‌లో అదే మొదటి గెలుపు. ఆ తర్వాత అదే చోట ఇంకో ఎనిమిది గెలిచాడు. హెండ్రిక్ టీము నలభయ్యో ఏడాది పండగని కూడా 2024 ఏప్రిల్‌లో అక్కడే చేసుకుంది. ఆ రోజు మొదటి మూడు స్థానాలూ ఆ టీము కార్లవే.

మార్టిన్స్‌విల్ కబుర్లలో ఇంకొకటి చెప్పకపోతే మావాడు ఊరుకోడు. డెనీ హామ్లిన్ అని వర్జీనియాలోనే పెరిగిన డ్రైవరు. 2022 నాటికి అతనికీ అక్కడ ఐదు గెలుపులున్నాయి. ఆ ఏడాది అక్టోబరు 30న, సీజన్ ఫైనల్‌కి వెళ్లాలంటే అతనికి ఆ రేసు కీలకం. చివరి చుట్టులో చివరి మలుపు. దాదాపు వెళ్లిపోయినట్టే. అప్పుడు వెనక పదో స్థానంలో ఉన్న రాస్ చాస్టెయిన్ ఏం చేశాడంటే... బ్రేకు మీంచి కాలు తీసేశాడు. ఐదో గేరులో పూర్తి వేగంతో కారుని బయటి గోడకి ఆనించి, స్టీరింగు వదిలేసి, గోడ వెంట రాసుకుంటూ మలుపు మొత్తం తిరిగేశాడు! ఐదు కార్లని దాటాడు. ఆ చుట్టు 18.845 సెకన్లు, ఆ ట్రాక్ మీద ఏ స్టాక్ కారూ అంత వేగంగా తిరగలేదు. హామ్లిన్ ఇంటికి, చాస్టెయిన్ ఫైనల్‌కి. చిన్నప్పుడు వీడియో గేములో ఇలా చేసేవాణ్నని చెప్పాడు. వాళ్లది ఫ్లోరిడాలో తరతరాలుగా పుచ్చకాయలు పండించే కుటుంబం. మర్నాటి నుంచీ అమెరికాలో పుచ్చకాయ మీద వేసిన జోకులకి లెక్క లేదు. ఇంకెవరూ అలా చేయకూడదని తర్వాత కట్టడి చేశారు. పదిహేనేళ్లు నేర్చిన బ్రేకు విద్యని బ్రేకే తొక్కనివాడు ఓడించాడు. నాకైతే హామ్లిన్‌నే చూసి జాలేసింది. 2025 మార్చిలో అతను మళ్లీ అక్కడే గెలిచాడని విని కాస్త ఊరట. సరిగ్గా పదేళ్ల తర్వాత వచ్చిన గెలుపది.

ఇంతకీ గెలిచేది మనిషా, బండా? ఈ అనుమానం మీకూ వచ్చే ఉంటుంది. దానికి బ్రిస్టల్ వెళ్లాలి. టెన్నెసీలో ఉంది. ఇదీ మార్టిన్స్‌విల్ అంత చిన్నదే కానీ వాలు ఎక్కువ. చుట్టూ ఆకాశానికి నిచ్చెనలేసినట్టు గ్యాలరీలు, అడుగున గిన్నెలా ట్రాక్. పదిహేను సెకన్లకో చుట్టు. తల తిప్పి పక్కవాడితో మాట్లాడేలోపు ఒక చుట్టు అయిపోతుంది.

ఇక్కడ డారెల్ వాల్ట్రిప్‌ది రికార్డు. 12 గెలుపులు. అందులో 1981 నుంచి 1984 దాకా వరసగా ఏడు! నోరున్న మనిషి. ‘జాస్’ అని తోటి డ్రైవరొకాయన పేరు పెట్టాడు, ఆ సొరచేప సినిమా పేరే. జనం ఈలలు వేసి గేలిచేసేవాళ్లు. చేస్తే చేశారు, అతను గెలుస్తూనే ఉన్నాడు. అయితే ఆ ఏడు గెలుపులూ జూనియర్ జాన్సన్ కట్టిన కార్లలో వచ్చాయి. ఇందాక సారా కుర్రాళ్లని చెప్పానే, వాళ్లలో శిఖరం ఈ జాన్సన్. 1956లో తండ్రి బట్టీ దగ్గర దొరికిపోయి జైలుకెళ్లొచ్చాడు. డ్రైవరుగా 50 రేసులు గెలిచాడు, తర్వాత కార్లు కట్టడం మొదలుపెట్టాడు. 1986లో అధ్యక్షుడు రీగన్ ఆ పాత కేసుకి క్షమాభిక్ష పెట్టాడు. వాల్ట్రిప్‌కి ముందు ఇవే కార్లలో కేల్ యార్‌బరో బ్రిస్టల్‌లో గెలుస్తూ వచ్చాడు. అంటే మహిమ కారుదే కదా అన్నాను మావాడితో, గెలిచినట్టు మొహం పెట్టి.

‘ఆగండి మావయ్యా’ అన్నాడు. వాల్ట్రిప్ జాన్సన్‌ని వదిలేశాక కూడా బ్రిస్టల్‌లో గెలిచాడు. 1989లో హెండ్రిక్ కారులో. 1992లో సొంత టీము కారులో. ఆ 1992 సంగతి మరీ విచిత్రం. ఆ ఏడాదే తారు పెకలించి కాంక్రీటు వేశారు. అంటే అప్పటిదాకా అతను నేర్చుకున్న రోడ్డే లేదు. కొత్త కాంక్రీటు మీద జరిగిన మొదటి రేసు కూడా అతనే గెలిచాడు! నా వాదన అక్కడితో సరి.

మనిషి గొప్పా బండి గొప్పా అంటే నాకు ఎద్దుల పందేలు గుర్తొస్తాయి. ఎడ్లూ కావాలి, తోలేవాడూ కావాలి. కాకపోతే తోలేవాడు ఆ నేలని ఎరిగినవాడయి ఉండాలి. ఈ ‘నేల ఎరగడం’ అన్నదానికి నాకు దొరికిన అందమైన ఉదాహరణ డేవిడ్ పియర్సన్. అతని కథ కోసం డార్లింగ్టన్‌కి రావాలి.

సౌత్ కరొలైనాలో హెరాల్డ్ బ్రాసింగ్టన్ అనే ఆయన పొలంలో ట్రాక్ కట్టాలనుకున్నాడు. భూమి అమ్మిన ఆసామి ఒక షరతు పెట్టాడు. ఆ మూల నా చేపల కుంట ఉంది, దాన్ని కదపడానికి వీల్లేదన్నాడు. పెద్ద చేపలు కూడా కావు, గేలానికి ఎరగా గుచ్చే చిరు చేపలు. బ్రాసింగ్టన్ మాట తప్పలేదు. కుంటని వదిలేసి ట్రాక్‌ని ఆ పక్క నొక్కేశాడు. దాంతో అది కోడిగుడ్డులా తయారైంది. ఒక చివర విశాలమైన మలుపు, ఇంకో చివర ఇరుకు. ఒక మలుపుకి సరిగ్గా సరిపోయేలా కారుని అమరిస్తే రెండోదానికి పనికిరాదు. ఎవడొచ్చినా సగం ట్రాక్‌లో తంటాలు పడాల్సిందే. ఓ చేపల కుంట కోసం ఇన్ని తరాల డ్రైవర్లు ఏడ్చారు!

పైగా వేగంగా వెళ్లే దారి బయటి గోడకి ఆనుకుని ఉంటుంది. గోడకి జానెడు ఎడంలో నడపాలి. కాస్త ఎక్కువైతే కుడి పక్క రంగంతా గీసుకుపోతుంది. ‘డార్లింగ్టన్ చార’ అంటారు దాన్ని. కారుకి ఆ చార లేకపోతే నువ్వసలు గట్టిగా నడిపావా అని అడుగుతారు.

పియర్సన్ ఇదే రాష్ట్రంలో స్పార్టన్‌బర్గ్ వాడు. పెటీకి అసలు పోటీ ఇతనే, ఆ 105 గెలుపులు ఇతనివే. ఇద్దరూ మొదటి రెండు స్థానాల్లో ముగించిన రేసులు 63 ఉంటే, అందులో పియర్సన్‌వి 33, పెటీవి 30. పెటీ అన్ని రేసులూ నడిపాడు, పియర్సన్ తనకిష్టమైనప్పుడే నడిపాడు, అందుకే ఆ తేడా. ‘వెండి నక్క’ అని పేరు. రేసు సగం దాకా ఎక్కడో వెనక తీరిగ్గా తిరుగుతుంటాడు. కారులో సిగరెట్ లైటరు పెట్టించుకున్నాడట, రేసు మధ్యలో వెలిగించుకోవడానికి! మిగతావాళ్లు టైర్లు అరగదీసుకుని, గోడకి రాసుకుని, ఒకర్నొకరు గుద్దుకుని అలిసిపోయాక ముందుకొస్తాడు. అసలు వేగం అప్పుడు బయటపెడతాడు. డార్లింగ్టన్ కోరుకునేది సరిగ్గా ఈ ఓపికే. అక్కడ అతను పది గెలిచాడు. ఇంకెవరికీ అన్ని లేవు.

ఇప్పుడు 1979లోకి రండి. ఏప్రిల్. అదే డార్లింగ్టన్. పియర్సన్ ఏడేళ్లుగా వుడ్ బ్రదర్స్ టీముకి నడుపుతున్నాడు. వాళ్లతో కలిసి 43 రేసులు గెలిచాడు. ఆ రోజు టైర్లు మార్చడానికి పిట్‌లోకొచ్చాడు. కుడి పక్క రెండూ మార్చారు. అయిపోయిందనుకున్నాడు. వాళ్లేమో ఎడమవి కూడా విప్పారు, ఇంకా బోల్టులు బిగించలేదు. ఆగమని అరిచారు. అతనికి ‘పో’ అన్నట్టు వినపడిందంటారు. బయల్దేరాడు. పిట్ దాటుతుండగానే ఎడమ పక్క రెండు చక్రాలూ ఊడి దొర్లిపోయాయి. వేలమంది చూస్తుండగా, తను రారాజుగా వెలిగిన చోటే, పియర్సన్ కారు నేలకి చతికిలబడింది. ఆ వారంలోనే టీమూ అతనూ విడిపోయారు. ఏడేళ్ల కాపురం ఒక్క మాట సరిగ్గా వినపడక పోయింది. అప్పటికి అతనికి 44 ఏళ్లు. అయిపోయాడన్నారంతా.

ఆ ఎండాకాలంలో డేల్ ఎర్న్‌హార్ట్ అనే కొత్త కుర్రాడు పొకొనోలో ప్రమాదానికి గురై భుజాల ఎముకలు విరగ్గొట్టుకున్నాడు. అతను కోలుకునే దాకా బండి నడపడానికో మనిషి కావాలి. ఖాళీగా ఉన్న పియర్సన్‌ని పిలిచారు. సెప్టెంబరులో డార్లింగ్టన్‌లో పెద్ద రేసు, సదరన్ 500. చక్రాలు ఊడిన చోటికి అయిదు నెలల్లో, వేరేవాడి కారులో, బదిలీ డ్రైవరుగా వచ్చాడు పియర్సన్. గెలిచాడు. కుర్రాడి బండిని కుర్రాడికి అప్పగించి వెళ్లిపోయాడు. 1980 ఏప్రిల్‌లో మళ్లీ అక్కడే గెలిచాడు. అది 105వది. ఆ తర్వాత మరో గెలుపు లేదు. ఆయన 2018లో పోయారు.

ఆ కుర్రాడి కథ వేరు. చెప్పడానికి కాస్త బరువుగా ఉంటుంది.

డేల్ ఎర్న్‌హార్ట్ తర్వాత ఏడుసార్లు చాంపియన్ అయ్యాడు, పెటీతో సమానంగా. నల్ల కారు, 3వ నంబరు, గుబురు మీసం. దారివ్వకపోతే బంపరుతో తోసేసేవాడు. అభిమానులెందరో, తిట్టేవాళ్లూ అందరు. డార్లింగ్టన్‌లో కూడా తొమ్మిది గెలిచి పియర్సన్ తర్వాతి స్థానంలో నిలిచాడు. అయితే అతని అసలు రాజ్యం టాలడేగా, డేటోనా. రెండూ మహా పెద్ద ట్రాక్‌లు. ఒకటి నాలుగు కిలోమీటర్లకు పైన, ఇంకోటి సరిగ్గా నాలుగు. ఇక్కడ బ్రేకుతో పనే లేదు. యాక్సిలరేటరు నేలకి తొక్కి పట్టడమే. 1988 నుంచీ ఇంజన్లకి గాలి తక్కువ అందేలా రంధ్రాల పలక బిగించడం మొదలుపెట్టారు. దాంతో అందరి వేగమూ ఒకటే అయింది. ముప్ఫై నలభై కార్లు తేనెటీగల గుంపులా ఒకదానికొకటి అతుక్కుని పోతాయి.

మరి గెలవడం ఎలా? గాలితో. ముందు కారు గాలిని చీల్చుకుని పోతుంటే దాని వెనక ఉన్నవాడికి ఆ ఎదురుగాలి ఉండదు. లారీ వెనక సైకిలు తొక్కినవాళ్లకి తెలుసు. ఎవరి వెనక చేరాలి, ఎప్పుడు పక్కకి తప్పుకోవాలి, ఎవడు నన్ను వెనకనుంచి తోస్తాడు... ఇదంతా క్షణాల్లో తేల్చుకోవాలి. ఎర్న్‌హార్ట్‌కి గాలి కంటికి కనిపిస్తుందని తోటివాళ్లు చెప్పుకునేవాళ్లు. టాలడేగాలో పది గెలిచాడు. పదోది 2000 అక్టోబరులో. ఇంకో అయిదు చుట్లుందనగా 18వ స్థానంలో ఉన్నాడు. ముగిసేసరికి మొదటి స్థానం! అతని 76వ గెలుపది. అదే ఆఖరిది కూడా.

ఇంత గాలి తెలిసినవాడికి డేటోనా 500 మాత్రం దక్కలేదు. అదే ఈ ఆటలో అన్నిటికంటే పెద్ద రేసు. ప్రతి ఫిబ్రవరిలో సీజన్ దాంతోనే మొదలవుతుంది. విచిత్రం చూడండి, డేటోనా ట్రాక్ మీద అన్ని రకాల రేసులూ కలిపి ఎర్న్‌హార్ట్‌వి 34 గెలుపులు. ఆ పెద్ద రేసుకి ముందు గురువారం జరిగే అర్హత రేసుల్ని 1990 నుంచి 1999 దాకా వరసగా పదేళ్లు గెలిచాడు. ఆదివారం వచ్చేసరికి ఏదో ఒకటి అడ్డం పడేది. 1990లో చివరి చుట్టు, చివరి మలుపు, తనే ముందు. రోడ్డు మీద పడున్న ఏదో ముక్క ఎక్కి టైరు కోసుకుపోయింది. అప్పటిదాకా పెద్దగా ఎవరికీ తెలియని డెరిక్ కోప్ దాటుకుని వెళ్లి గెలిచాడు. 1997లో కారు పల్టీ కొట్టింది. అంబులెన్సు ఎక్కించారు. ఎక్కి వెనక్కి చూశాడు. చక్రాలు నాలుగూ ఉన్నాయి. దిగొచ్చి, ఇంజన్ స్టార్టవుతుందేమో చూడమన్నాడు. అయింది. ఆ చితికిపోయిన బండినే మళ్లీ నడుపుకుంటూ వెళ్లాడు! పందొమ్మిది ప్రయత్నాలు, పందొమ్మిది ఓటములు.

1998. ఇరవయ్యో ప్రయత్నం. రేసుకి ముందు చక్రాల కుర్చీలో వచ్చిన ఒక చిన్నపాప అతని చేతిలో ఒక సెంటు నాణెం పెట్టింది. మన లెక్కలో పైసా అనుకోండి. ఎర్న్‌హార్ట్ దాన్ని తీసుకెళ్లి కారు డాష్‌బోర్డుకి జిగురుతో అంటించాడు. గెలిచాడు. తిరిగొస్తుంటే అన్ని టీముల మెకానిక్‌లూ పిట్ దారి పొడుగునా వరసగా నిలబడి చేతులు చాచారు. అతను తోసేసినవాళ్లు, గుద్దేసినవాళ్లు, అతని వల్ల రేసులు పోగొట్టుకున్నవాళ్లు... అందరి మనుషులూ ఉన్నారు ఆ వరసలో. ఒక్కొక్కళ్ల చెయ్యీ తాకుతూ మెల్లగా వచ్చాడు. ఆ వీడియో అక్కడ చూశాను. మావాడు ఎన్నిసార్లు చూశాడో తెలియదు, వాడూ కళ్లు తుడుచుకున్నాడు.

మూడేళ్లు తిరిగాయి. 2001 ఫిబ్రవరి 18, డేటోనా 500. అప్పటికి ఎర్న్‌హార్ట్‌కి సొంత టీము కూడా ఉంది. తను వేరే యజమానికి నడుపుతాడు, తన టీములో కొడుకు డేల్ జూనియర్, మైకేల్ వాల్ట్రిప్ నడుపుతారు. ఈ మైకేల్ మన బ్రిస్టల్ డారెల్‌కి తమ్ముడే. అప్పటిదాకా 462 రేసులు నడిపి ఒక్కటీ గెలవని మనిషి. చివరి చుట్టులో ముందు మైకేల్, రెండోవాడు జూనియర్, మూడో స్థానంలో ఎర్న్‌హార్ట్. తన కార్లు రెండూ ముందు పోతున్నాయి, వెనక ఈయన కాపు కాస్తున్నట్టే ఉన్నాడు. టీవీలో వ్యాఖ్యానం చెబుతున్నది అన్న డారెల్. తమ్ముడి కోసం గొంతు పూడుకుపోయింది. మైకేల్ గీత దాటాడు. 463వ రేసులో మొదటి గెలుపు.

నాలుగో మలుపులో నల్ల కారు గోడకి కొట్టుకుని మెల్లగా పచ్చికలోకి జారి ఆగింది. చూడ్డానికి పెద్ద ప్రమాదంలా లేదు. అంతకంటే ఘోరమైనవాటిల్లోంచి అతను దులుపుకుని లేచొచ్చాడు. తమ్ముడి విజయానికి కళ్లు తుడుచుకుంటూనే డారెల్ అటువైపు చూడటం మొదలుపెట్టాడు. ఆ సాయంత్రం వార్త వచ్చింది. 49 ఏళ్లు. ఏ ట్రాక్‌నైతే అతనంత బాగా ఎరిగినవాడు ఇంకొకడు లేడో, అదే ట్రాక్‌లో, అదే పెద్ద రేసులో, ఆఖరి మలుపు.

ఆ ఏడాదే మెడకి ఆసరాగా ఉండే పట్టీ తప్పనిసరి చేశారు. తర్వాత ట్రాక్ గోడలకి దెబ్బని మింగే కొత్త రకం కట్టడాలు వచ్చాయి. అప్పటినుంచీ రెండు దశాబ్దాలకు పైగా ఆ పెద్ద సిరీస్ రేసుల్లో మరో డ్రైవరు ప్రాణం పోలేదు.

జూలైలో రేసులు మళ్లీ డేటోనాకి వచ్చాయి. ప్రమాదం తర్వాత అక్కడ అదే మొదటి రేసు. డేల్ జూనియర్ గెలిచాడు. రెండో స్థానంలో మైకేల్. ఫిబ్రవరిలో ఆ ఇద్దరే, వరస మాత్రం తారుమారు. అక్టోబరులో టాలడేగా కూడా జూనియరే. అక్కడ వరసగా నాలుగు గెలిచాడు. మైకేల్ వాల్ట్రిప్ జీవితంలో మొత్తం గెలిచినవి నాలుగు రేసులు... మూడు డేటోనాలో, ఒకటి టాలడేగాలో. అన్నీ ఎర్న్‌హార్ట్ టీము కార్లలోనే.

బయటికొచ్చేముందు మావాడు ఇంకొక మాట చెప్పాడు. 2001 సీజన్‌లో ఆ ప్రమాదం తర్వాత జరిగిన రేసుల్లో మూడో చుట్టు రాగానే గ్యాలరీల్లో జనం లేచి నిలబడేవాళ్లట. టీవీలో వ్యాఖ్యాతలు మాట్లాడటం ఆపేసేవాళ్లు. కార్లు తిరుగుతూనే ఉండేవి. లక్షమంది చేతులెత్తి మూడు వేళ్లు చూపించేవాళ్లు. నాలుగో చుట్టు మొదలవగానే మళ్లీ కూర్చునేవాళ్లు.